బొంగరము, నాణెము, యుద్ధము

సంక్రాంతి వచ్చినదనగా గోదావరీ మండలములలో కోడిపందెముల ప్రస్తావము రాకమానదు. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ శాసనమును, 1974వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ జూద శాసనమును అడ్డుగా నున్నను, భీమవరము మొదలుకొని కోనసీమవఱకు బరులు వెలయుచునే యున్నవి. కోడికాలికి కత్తి గట్టిన చేతికి ఆ యాట ఎచ్చట ముగియునో తెలియదు. పల్నాటిలో నది యుద్ధముగా ముగిసెను. నాగమ్మకును బ్రహ్మనాయనికిని జరిగిన పందెములో నోడినవారు ఏడేండ్లు వలసపోయిరి. గడువు దీఱినపిమ్మట తమ రాజ్యభాగ మడిగి, దొరకక, పండ్రెండవ శతాబ్దమున కారెంపూడియొద్ద పోరాడి మడిసిరి. భారతమున జూదము, పల్నాటిలో కోడిపందెము: మన పెద్దకథలు రెంటను ఆటయే యుద్ధమునకు వాకిలియైనది.

పల్నాటికథలో నన్ను వెన్నాడు ఘట్టము రణభూమిలో లేదు, వీధిలో నున్నది. బ్రహ్మనాయని కుమారుడు బాలచంద్రుడు తోడిబాలురతో బొంగరము లాడుచున్నాడు. బొంగర మెగిరి త్రోవలోనున్న యొక స్త్రీ కాలికి దగిలి గాయమైనది. ఆమె నొప్పితో వానిని నిందించుచు, పెద్దలందఱు కారెంపూడిలో ప్రాణములకు దెగించి యుండగా నీవిచ్చట ఆటలతో ప్రొద్దుపుచ్చుచున్నావా యని యెత్తిపొడిచినది. ఆ మాటతో బాలుడు బొంగరము విడిచెను, ఖడ్గము పట్టెను, మరలి రాలేదు. పాడువారు దానిని పౌరుషమనిరి. వినువారు చేతులెత్తి మ్రొక్కిరి. ఆ పిల్లవానిని యుద్ధమునకు బంపిన దెవ రను ప్రశ్నమాత్రము మిగిలియే యున్నది.

దీనికి తోబుట్టువనదగిన ఘట్టము 2001వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన యొక నవలలో గలదు. ఎరిక్ నైలండ్ వ్రాసిన ‘హేలో: ది ఫాల్ ఆఫ్ రీచ్’ అను నా నవల ప్రారంభమున, ఆఱేండ్ల జాన్ అను బాలుడు బడి ఆటస్థలమున తోడివారిని దిబ్బమీదినుండి త్రోసి తానే పైన నిలుచు ఆట ఆడుచుండును. హాల్సీ అను శాస్త్రజ్ఞురాలు వచ్చి, ఒక నాణెమును చూపి, దీని నెగురవేసినప్పుడు ఏ వైపు పైకి వచ్చునో చెప్పిన నిది నీదే యనును. బాలుడు దానిని గాలిలోనే పట్టి సరిగా చెప్పును. నాణెము వానికి దక్కును. వాడు సైన్యమునకు దక్కును. కొలదికాలములోనే వానిని తలిదండ్రు లెఱుగకుండ ఎత్తుకొనిపోవుదురు.

ఇది వీడియో ఆటకు అనుబంధముగా పుట్టిన నవల. రాబోవు శతాబ్దములలో, అన్యగ్రహములమీద, ఇంకను కనుగొనని యంత్రములతో జరుగు యుద్ధములను వర్ణించు ఇట్టి గ్రంథములు నేడు ఆంగ్లభాషలో వందలకొలదిగా నున్నవి. మన యిండ్లలోని యువకులు ఫోనులోను కంప్యూటరులోను ఆడు ఆటలే వానికి పుట్టినిండ్లు. పెద్దలు వీనిని బొమ్మల దుకాణపు సరకని త్రోసివేయుదురు. పిల్లలు ప్రాణముగా చూచుకొందురు. ఈ రెండు తెగల నడుమ వానిని శ్రద్ధతో చదివి అభిప్రాయములు చెప్పిన చదువరులు లేకపోలేదు. వారి తీర్పు లెట్టివో, అందు గృహస్థులమైన మనకు పనికివచ్చున దేమో విచారింపవలసియున్నది.

ముందుగా ఈ గ్రంథముల వంశమును చూతము. యుద్ధమును ఆటగా జేయుట నూతనము గాదు. చతురంగమన్న పేరే రథ గజ తురగ పదాతులు గల సేనకు పేరు. 1824లో రైస్విట్జ్ అను ప్రష్యా సైనికాధికారి పటముమీద ఆడదగిన యుద్ధక్రీడ నొకదానిని తన సేనానాయకుల యెదుట ప్రదర్శించెను; వారు దానిని వినోదముగా గాక అధికారుల శిక్షణముగా స్వీకరించిరి. 1898లో అంగారకవాసుల దండయాత్రను నవలగా వ్రాసిన హెచ్. జి. వెల్స్ 1913లో సీసపు సిపాయిబొమ్మలతో ఆడు యుద్ధక్రీడకు నియమములు కూర్చి ‘లిటిల్ వార్స్’ అను చిన్నపుస్తకము ప్రకటించెను. ఈ బొమ్మల యుద్ధమును కొన్నిమార్లాడి చూచినవానికి నిజమైన యుద్ధ మెంత తెలివిమాలిన పనియో బోధపడునని ఆయన పుస్తకము తుదను అభిప్రాయపడెను. ఆ మఱుసటి యేడే, 1914లో, ఐరోపాలో నిజమైన యుద్ధము మొదలయ్యెను.

బొమ్మలతో ఆడు ఆటలు అటుపిమ్మటను పెరిగినవి. ఇంగ్లండులోని గేమ్స్ వర్క్‌షాప్ అను సంస్థ 1987లో ‘వార్‌హామర్ 40,000’ అను ఆటను వెలువరించెను. 1997లో ఆ ఆట లోకమున నడచు కథలను ప్రకటించుటకు బ్లాక్ లైబ్రరీ అను ప్రచురణశాఖను నెలకొల్పెను. అమెరికాలో 2001 నవంబరులో హేలో అను వీడియో ఆట వెలువడెను. నైలండు నవల దానికంటె రెండువారములు ముందే అంగడికి వచ్చెను. ఆటకు నియమములు చాలును. ఆడువానికి మాత్రము కథ కావలెను. ఈ శత్రువులెవరు, ఈ సైనికు డెచ్చటివాడు, వీని తల్లి యెవరు అని అడుగక మానడు. ఆ ప్రశ్నలకు జవాబుగా పుట్టినవి ఈ నవలలు.

పరుల లోకమును దీసికొని వ్రాసినంతమాత్రమున నవల హీనమగునా? ఆ మాట రాజమహేంద్రవరమున నిలువదు. వ్యాసుని లోకమును గైకొనియే పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాస్థానములో నన్నయభట్టు తెనుగు భారతమునకు శ్రీకారము చుట్టెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు స్విఫ్టు వ్రాసిన గలివర్ యాత్రల ననుసరించి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ వ్రాసి 1891 మొదలుగా ‘చింతామణి’ పత్రికలో ప్రకటించిరి. అందలి ఆడుమళయాళమున స్త్రీలు ప్రభువులు. మన దేశమున స్త్రీ అనుభవించు కట్టుబాట్లన్నియు అచ్చట పురుషుడు మోయవలెను. చదువరి మొదట నవ్వును. నవ్వుచునే తన యింటివైపు తిరిగి చూచును. లోక మెవరిదైనను కథ చదువరి యింటికి దారిచూపెనా లేదా అన్నదే పంతులుగారు మనకిచ్చిన కొలత.

ఆయన మఱియొక మేలుకూడ చేసిరి. 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడ నారంభించిన రాజశేఖర చరిత్రమునుగూర్చి మన మండలములలో గొప్ప వాదము రేగినది. గోల్డుస్మిత్తు ఆంగ్ల నవల ఛాయ లిందున్నవని కొందఱనిరి. కాకినాడ కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు దీనిపై ప్రత్యేకముగా విమర్శన గ్రంథమే వ్రాసిరి. శాస్త్రిగారు సంస్కరణములకు ప్రతిపక్షి. అయినను ఆయన పుస్తకమును చదువకయే తిట్టలేదు. చదివి, కారణములు చూపి, అచ్చువేసి, జవాబునకు చోటిచ్చిరి. అటుపిమ్మట న్యాపతి సుబ్బారావుపంతులుగారి బహుమానముతో చింతామణి పత్రిక నవలల పోటీలు పెట్టెను; 1894లో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి రామచంద్రవిజయ మట్లే బహుమతి నందెను. 1898లో నాళము కృష్ణారావుగారు ఇదే పట్టణమున వాసురాయ గ్రంథాలయమును స్థాపించిరి. నవలను చదువుట, చదివి నలుగురిలో తీర్పు చెప్పుట అను రెండుపనులును మన గోదావరి యొడ్డున ఇట్లు కలిసి పెరిగినవి.

ఆ తీర్పు ఒక్కొక్కప్పుడు అహంకారమునకు లోబడినదనుటయు సత్యమే. తణుకులో 1912లో జన్మించిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయినవలల రచయితగా పేరుపొందిరి. అవి చౌకగా నుండెడివి, రైలుస్టేషనులలో దొరకెడివి. పండితులు వానిని సాహిత్యముగా లెక్కింపలేదు. కాని బడిచదువు కొలదిగానున్న స్త్రీలెందఱో వానికొఱకే అక్షరములు కూడబలుకుకొనిరి. ఏవగింపు విమర్శనము గాదని ఆ పుస్తకములు మనకు నేర్పినవి. ఆటనవలల విషయమునను మనమా పాఠము మఱువరాదు.

ఇప్పుడు వాని చదువరుల మాట విందము. వారి తీర్పులు తఱచుగా మూడుమెట్లమీద నిలుచును.

మొదటిమెట్టు లెక్క. ఆటలో నిట్లుండగా నవలలో అట్లేల యున్నదని అడుగుట. నైలండు నవలలో రీచ్ అను గ్రహము స్వల్పకాలములోనే శత్రువుల పాలగును. 2010లో వచ్చిన ‘హేలో: రీచ్’ ఆటలో ఆ పోరు వారములతరబడి సాగును. ఏది సత్యమని చదువరులు తేదీలు ముందిడుకొని వాదించిరి. ఆ యేటనే కొన్ని మార్పులతో నవల మరల అచ్చయినది. పుట్టని శతాబ్దపు తేదీలకై ఇంత కలహమా యని నవ్వుట సులభము. అయినను వాల్మీకమున లేని లక్ష్మణరేఖ ఎచ్చటినుండి వచ్చినదని పురాణకాలక్షేపమున మనవారడుగునదియు ఇట్టిదే. ప్రియమైన లోకము చెదరకుండ కాచుకొనుట చదువరి సహజగుణము. అది తప్పు గాదు. అచ్చటనే ఆగిపోవుట తప్పు.

రెండవమెట్టు రచన. 2003లో విలియం డీట్జ్ వ్రాసిన ‘హేలో: ది ఫ్లడ్’ మొదటి ఆటను అడుగడుగునను అనుసరించిన నవల. ఆడినదానినే మరల చదువుచున్నట్లున్నదని పలువురు విసిగిరి. తలుపు తెఱచుట, కాల్చుట, మఱియొక తలుపు తెఱచుట చేతులకు వినోదము గావచ్చును, కన్నులకు గాదు. కాని ఆటలో పేరులేక కూలిపోవు సాధారణ సైనికులకు మాటయు మనసును వచ్చిన పుటలను ఆ చదువరులే మెచ్చుకొనిరి. వార్‌హామరు చదువరులదియు ఇదే అనుభవము. వట్టి తుపాకిమోతలతో నిండిన నవలలకు వారు తమలోతాము ఎగతాళిపేర్లు పెట్టుకొనిరి. డాన్ ఆబ్నెట్ 1999లో మొదలుపెట్టిన గాంటు దండు కథలను మాత్రము ఆదరించిరి. అందలి సైనికుల స్వగ్రహము, వారు బయలుదేరిన దినముననే నాశనమైనది. మరలిపోవుటకు ఊరులేని మనుష్యులు వారు. మహాయోధుల కవచములకంటె ఆ యింటిలేని సిపాయిల బెంగ చదువరుల మనసున నిలిచినది. ఆటలోకమునను మనుష్యుడే కావలెనని చదువరులు తీర్పుచెప్పిరన్నమాట.

మూడవమెట్టు ధర్మము. ఇచ్చటనే మన జాను కథ మరల రావలసియున్నది. నవలలో హాల్సీ అపహరించిన బాలబాలికలు 75 గురు, అందఱును ఆఱేండ్లవారు. తలిదండ్రులకు తెలియకుండుటకై వారి చోట కృత్రిమముగా పెంచిన ప్రతిరూపముల నుంచిరి. అవి రోగములతో కృశించి మరణించినవి. తలిదండ్రులు తమ బిడ్డలే పోయిరని పూడ్చిపెట్టి యేడ్చిరి. పదునాలుగేండ్ల ప్రాయమున ఆ పిల్లల యెముకలను నరములను మార్చు శస్త్రచికిత్సలు చేయగా 30 మంది చనిపోయిరి, 12 మంది వికలాంగులైరి, 33 మంది యోధులైరి. ఆటలో మనము నడుపు అజేయవీరుడు ఆ 33 మందిలో నొకడు. ఆడువాడు ఈ లెక్క నెఱుగడు. నవల చదివినవా డెఱుగును.

దీనిపై చదువరులు రెండుపాయలుగా చీలిరి. ఆ యోధులు లేకున్న అన్యగ్రహవాసుల చేతిలో మానవజాతి నశించియుండెడిది గాన హాల్సీ చేసినది క్రూరమైనను తప్పనిసరి యని ఒకపాయ వాదించెను. రెండవపాయవారు పుటలు మరల తిరుగవేసి యొక విషయము చూపిరి. పిల్లల నెత్తుకొనిపోయినది 2517లో. అన్యగ్రహవాసులు తొలిసారి కనబడినది 2525లో. ఆ యోధులను సిద్ధపఱచినది తిరుగుబాటు చేయు స్వజాతివారి నణచుటకే. తరువాత వచ్చిన శత్రువు ముందు చేసిన పాపమునకు సాకు కాగలడా? ఇది ఆటకు జెందిన ప్రశ్న గాదు. మంచిఫలము వచ్చినదని చెడ్డపనిని మంచిదనుట తగునా యని రాజ్యములును సంసారములును ప్రతిదినము ఎదుర్కొను ప్రశ్న.

కారెన్ ట్రావిస్ అను రచయిత్రి 2011 మొదలు 2014 వఱకు వ్రాసిన మూడు హేలో నవలలు ఈ వాదమును మఱింత రగిల్చినవి. మూడవదైన ‘మోర్టల్ డిక్టాటా’లో, సమాధి చేసినది తన కూతురు గాదని గ్రహించి, ఆమెను వెదకుచు జీవితమును వెచ్చించిన తండ్రి యొకడు వచ్చును. రచయిత్రి హాల్సీని పదేపదే నిందించినది, ఆమె పక్షమును చెప్పనీయలేదని కొందఱు చదువరులు కోపించిరి. ఇన్నాళ్లకు తలిదండ్రుల దుఃఖమునకు నోరు వచ్చినదని కొందఱు సంతోషించిరి. నా మట్టుకు ఇరుపక్షములందును సత్యము కొంత యున్నది. ముద్దాయి వాదమును విననిది న్యాయస్థానము గాదు. వాదిని పిలువనిదియు గాదు. పది సంవత్సరములు యోధుని విజయములను లెక్కించిన లోకములో ఒక తండ్రి వచ్చి నిలువబడుట మాత్రము సామాన్య విషయము గాదు.

మన పల్నాటికథయు ఇట్లే తీర్పులు మార్చుకొనుచు వచ్చినది. తరతరములుగా నాగమ్మ దుష్టురాలనియే గాయకులు పాడిరి. అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చువేసి చదువరుల చేతికిచ్చిరి. ఉన్నవ లక్ష్మీనారాయణగారు ‘నాయకురాలు’ అను నాటకమునకు ఆ నాగమ్మ బిరుదమునే పేరుగా బెట్టిరి. కథ మాఱలేదు; అడుగు ప్రశ్నలు మాఱినవి. ప్రశ్నలు మాఱినప్పుడు కథకు మఱియొక జన్మము గలుగును.

ప్రశ్న లడుగనిచోట నేమగునో వార్‌హామరు చరిత్ర చూపుచున్నది. ఆ లోకమునందలి మానవసామ్రాజ్యము మతావేశముతోను ద్వేషముతోను నడచునది. కదలలేని చక్రవర్తి ప్రాణము నిలుపుటకు దినమునకు వేయిమందిని బలియిత్తురు. దానిని సృజించినవారు ఎగతాళిగా సృజించిరి. కాని ఏండ్లు గడచినకొలది, నవల వెంట నవల వచ్చినకొలది, ఆ సామ్రాజ్యపు సైనికులే కథానాయకులైరి. ఎగతాళిని ఆదర్శముగా గైకొన్నవారును బయలుదేరిరి. 2021లో స్పెయిను దేశపు పోటీ యొకదానికి ఒక ఆటగాడు నాజీచిహ్నములు ధరించి వచ్చుటతో గగ్గోలు పుట్టినది. ఆ పిమ్మట గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ బహిరంగముగా ప్రకటన చేయవలసివచ్చెను: ఈ సామ్రాజ్యము మాకు మెచ్చుకోలు గాదు, హెచ్చరిక యని దాని తాత్పర్యము. సత్యరాజు యాత్రలు చదివి ఆడుమళయాళమును నిజమైన ఆదర్శరాజ్యముగా కొనియాడువా డుండిన నెట్లుండునో ఇదియు నట్లున్నది. వ్యంగ్యము చదువరి చేతిలో పెట్టిన కత్తి. పిడి యెటువైపున నున్నదో తెలిసి పట్టుకొనవలెను.

యుద్ధము మన డెల్టాకు కథగానే తెలియునని యనుకొనరాదు. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. నాడు ఆకాశమువంక చూచినవారికి మూడు ప్రాణములు లేవు, ఆట మరల మొదలుపెట్టు మీట లేదు. ఆటకును యుద్ధమునకును గల భేద మిదియే. ఆటలో చచ్చినవాడు మరల లేచును గనుక చావునకు అర్థము లేదు. నవలలో చచ్చినవాడు లేవడు; కావున మంచి నవల ఆటలో పోయిన అర్థమును మరల తెచ్చియియ్యగలదు. ఆ పని చేయునదేది, చేయనిదేది యని తేల్చవలసినవారు చదువరులే.

కాబట్టి మన యింటిపిల్లవాని చేతిలో ఇట్టి పుస్తకము గనబడినప్పుడు దానిని లాగికొనుట మేలు గాదు. దానిని కన్నెత్తి చూడకుండుట అంతకంటెను మేలు గాదు. ఒక సాయంకాలము ప్రక్కను గూర్చుండి, వాడు మెచ్చిన పుటలను వానిచేతనే చదివించుకొని, గెలిచినదెవరని గాక, ఆ గెలుపునకు వెల యిచ్చిన దెవరని అడుగవలెను. ఆ పిల్లల నెత్తుకొనిపోయినప్పుడు వారి తల్లు లేమిచేసిరని అడుగవలెను. వాడు మనకంటె లోతుగానే ఆలోచించి యుండవచ్చును. అప్పుడు మనమే నేర్చుకొందము. వానికి తోచని సంగతియైనచో నాటినుండి తోచును. ఆ వెంటనే పల్నాటికథయు చెప్పవచ్చును. హాల్సీ యెగురవేసిన నాణెమును, బాలచంద్రుడు విడిచిన బొంగరమును ప్రక్కప్రక్కన బెట్టి చూపిన, ఎనిమిదివందల యేండ్ల దూరమును ఇన్ని సముద్రముల దూరమును వానికి కనబడవు. ఆడుకొనుచున్న పిల్లలిద్దఱు కనబడుదురు.